పాతిక రెట్లలో కనపడనిది

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి ముందే చెబుతున్నాను. మీకు ఫోన్ చేసే మనిషి మిమ్మల్ని అడిగేది ఒక అంకె. "తొమ్మిది రెట్లు సరిపోతుందా? పద్దెనిమిది తీసుకోమంటారా? పాతిక?" అంతే. మీరూ ఒక అంకె చెప్పి ఫోన్ పెట్టేస్తే ఇద్దరికీ హాయిగా ఉంటుంది. కానీ ఆ అంకె తుపాకీ మీదకి ఎక్కి కొండ మీదకి వెళ్తుంది. అక్కడ ఏం జరుగుతుందో మీకు కనపడదు. నాకు ఒక్కసారి కనపడింది. అడగాల్సినవి అడగకుండా నేను ఒప్పుకున్న ఒక అంకె వల్ల, ఒక కొడుకు చేతిలో తండ్రి ప్రాణం పోవాల్సింది. ఆ సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. నా ప్రమోషన్లూ మెమోలూ ఎవరికి కావాలి?

నా పేరు సువార్త. మాది రేపల్లె. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, పెళ్ళయి అమెరికా వచ్చి, కొలరాడోలో ఒక చిన్న ఊళ్ళో రైఫిల్ స్కోపులు చేసే కంపెనీలో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశాను. స్కోపు అంటే తుపాకీ మీద బిగించే దుర్భిణి. ఎన్ని రెట్లు అంటే, దూరంగా ఉన్నది అన్ని రెట్లు దగ్గరగా కనపడుతుందని. నేను మాత్రం ఇంట్లో కోడిని కోస్తుంటే పక్క గదిలోకి వెళ్ళిపోయే మనిషిని. చర్చిలో ఆడవాళ్ళు "తుపాకుల కంపెనీలోనా వదినా!" అని నోళ్ళు నొక్కుకుంటే, "తుపాకులు కాదమ్మా, గాజులు" అనేదాన్ని. "ఏ సైజు?" అని ఒకావిడ నిజంగానే చేయి చాపింది.

గాజు గది

మొదటి పదేళ్ళూ కటకాలు పరీక్షించే గదిలో పనిచేశాను. అక్కడ ఒకటే చట్టం. కటకం మీద వేలు పడకూడదు. తొడుగులు వేసుకుని, ఊపిరి కూడా పక్కకి వదిలేవాళ్ళం. ఇంట్లో మా ఆయన కళ్ళజోడు మీద వేలిముద్ర కనపడినా లాక్కుని తుడిచేసేదాన్ని. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు.

ఆ గదిలో నేర్చుకున్నది ఒక్కటి మీరూ గుర్తుపెట్టుకోండి. గాజు ఊరికే ఏదీ ఇవ్వదు. రెట్లు పెంచితే దూరంగా ఉన్నది దగ్గరికి వస్తుంది, నిజమే. దానికి బదులుగా మూడు తీసేసుకుంటుంది. కంటికి చేరే వెలుతురు తగ్గుతుంది. చేతి వణుకు, నేల మీద ఆవిరి, గుండె కొట్టుకోవడం, అన్నీ అన్ని రెట్లు పెరుగుతాయి. మూడోది, కనపడే మేర కుంచించుకుపోతుంది. నాలుగు వందల గజాల దూరాన్ని అయిదు రెట్ల మీద చూస్తే ఒక కల్యాణమండపం అంత వెడల్పు కనపడుతుంది. పాతిక మీద చూస్తే ఒక పడకగది అంత. ఆ పడకగది గోడకి అవతల ఎవరున్నారో మీకు తెలియదు. తెలియడం లేదన్న సంగతి కూడా తెలియదు, ఎందుకంటే లోపల కనపడేది అంత అందంగా, అంత దగ్గరగా ఉంటుంది.

ఇదంతా నాకు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేంత బాగా తెలుసు. తెలిసీ ఏం చేశానో చూడండి.

రాయ్ పచ్చ కాగితం

ఫోన్లో సలహాలిచ్చే డెస్క్‌కి నన్ను మార్చినప్పుడు అక్కడ పెద్దగా ఉన్నది రాయ్. అప్పటికే అరవై దాటినవాడు, మోకాలు అరిగిపోయినా ప్రతి అక్టోబరూ కొండెక్కేవాడు. నన్ను సూ అని పిలిచేవాడు. ఇంత పొడుగు పేరుకి అంత పొట్టి పేరేమిటని నేను అడగలేదు.

మొదటి నెలలో ఒకతను ఫోన్ చేసి చాలా దూరం కొట్టేది కావాలంటే, ఇరవై నాలుగు రెట్ల వరకూ వెళ్ళేది చెప్పేశాను. లోపలున్న గాజు గురించి పావుగంట ఉపన్యాసం కూడా ఇచ్చాను. నవంబరులో ఆ మనిషి స్వయంగా వచ్చి స్కోపుని నా బల్ల మీద పెట్టాడు. గడ్డం నెరిసినవాడు, అరవలేదు. "అమ్మా, నేను వేటాడేది దట్టమైన అడవిలో. నలభై గజాల్లో ఎల్క్ నిలబడింది. దీంట్లో చూస్తే బొచ్చు కనపడింది. తలో తోకో తేల్చుకునే లోపల వెళ్ళిపోయింది" అన్నాడు. ఎల్క్ అంటే ఇక్కడి పెద్ద జింక, గుర్రమంత ఉంటుంది. గుర్రమంత జంతువు ఎదురుగా నిలబడితే తల ఏదో తెలియకుండా చేశాను ఆ మనిషికి.

అతను వెళ్ళాక రాయ్ ఏమీ అనకుండా సొరుగులోంచి ఒక పచ్చ కాగితం తీసి నా ముందు పెట్టాడు. దాని మీద మూడు ప్రశ్నలు చేతిరాతతో ఉన్నాయి. ఒకటి, నువ్వు వేటాడే నేల ఎలాంటిది? రెండు, చలిలో, ఆయాసపడుతూ, నిజంగా ఎంత దూరం గురిగా కొట్టావు? మూడు, తుపాకీ ఎత్తే ముందు దేనితో చూస్తావు?

"మూడో ప్రశ్నకి 'స్కోపుతోనే' అని ఎవరన్నా చెబితే," అన్నాడు రాయ్, "స్కోపు అమ్మకు. బైనాక్యులర్స్ కొనుక్కోమని చెప్పు. వెతకడానికి బైనాక్యులర్స్, కాల్చడానికి స్కోపు. స్కోపుతో వెతికేవాడు, అటు ఏముందో తెలియకముందే దాని మీదకి తుపాకీ గురిపెట్టినట్టు."

ఆ కాగితం లామినేట్ చేయించి బల్ల మీద అంటించుకున్నాను. అప్పట్నుంచి కంపెనీ అధ్యక్షుడి బంధువు ఫోన్ చేసినా మూడు ప్రశ్నలూ అయ్యాకే అంకె చెప్పేదాన్ని. సేల్స్ మేనేజరుకి నేనంటే గిట్టేది కాదు. పెద్ద అంకెకి పెద్ద ధర కదా, నేను ఎప్పుడూ పది లోపల దింపేస్తానని ఆయన బాధ. మీకూ అలాంటివాడు ఒకడు దొరుకుతాడు. నవ్వుతూ తలూపి మీ పని మీరు చేసుకోండి. రాయ్ పెట్టిన ఇంకో రూలు కూడా చెప్పాలి. డెస్క్ మీద కూర్చునేవాళ్ళు ఏడాదికి ఒక్కసారైనా వేటగాడితో కొండెక్కి పక్కన కూర్చోవాలి. కాల్చక్కర్లేదు, చూడాలి. అలా ప్రతి ఏడూ చలిలో వణుకుతూ కూర్చునేదాన్ని.

మన పిల్లాడు

మా తెలుగు చర్చి ఒక అద్దె హాలులో ఆదివారం మధ్యాహ్నాలు జరిగేది. ముప్పై కుటుంబాలుంటాయేమో. ఫ్రీమాంట్ నుంచి ఉద్యోగం మారి వచ్చిన కిరణ్ అక్కడే పరిచయమయ్యాడు. ముప్పై ఏళ్ళవాడు, సాఫ్ట్‌వేర్. కుర్చీలు సర్దడంలో ముందుండేవాడు, పెద్దవాళ్ళ ప్లేట్లు కూడా తనే తీసేవాడు. అలాంటి పిల్లాణ్ణి ఎవరు కాదంటారు? నేనయితే మా ఇంటి పిల్లాడి కిందే లెక్కేసేశాను.

ఒక ఆదివారం బిర్యానీ తింటుండగా వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఆంటీ, ఈ ఇయర్ ఎల్క్ హంటింగ్‌కి వెళ్తున్నా. సేఫ్టీ క్లాస్ పాస్ అయ్యా, లైసెన్స్ కూడా వచ్చేసింది. మీ కంపెనీ స్కోప్ కొందామనుకుంటున్నా. టాప్ మోడల్ పాతిక ఎక్స్ ఉంది కదా, అదే ఆర్డర్ చేయనా?"

"అంత ఎందుకురా?"

"లైఫ్‌లో ఒకసారి కొంటాం కదా ఆంటీ. టాప్ ఎండ్ తీసుకుంటే మళ్ళీ మళ్ళీ అప్‌గ్రేడ్ అక్కర్లేదు. షూటింగ్ రేంజ్‌లో ఫైవ్ హండ్రెడ్ యార్డ్స్ కొట్టేస్తున్నా, పేపర్ మీద అన్నీ మధ్యలోనే."

ఇక్కడ మన గురించి ఒక మాట అనాలి, కోప్పడకండి. మనకి పెద్ద అంకె అంటే పిచ్చి. ర్యాంకు చిన్నదిగా ఉండాలి, మిగతావన్నీ పెద్దవిగా ఉండాలి. కారు, టీవీ, ఫోన్లో కెమెరా, దేంట్లోనైనా పై మోడల్ కొంటే ఇక తప్పు జరగదని మనకో నమ్మకం. ఫోన్ చేసే తెలుగువాళ్ళందరికీ ఇదే పాట. వాళ్ళందరికీ మూడు ప్రశ్నలు వేసి కిందకి దింపినదాన్ని, కిరణ్ దగ్గర మాత్రం నోరు మెదపలేదు. మన పిల్లాడు, బుద్ధిమంతుడు, ఇంజనీరు. వాణ్ణి కూర్చోబెట్టి "నిజంగా ఎంత దూరం కొట్టావు" అని నిలదీస్తే బాగుంటుందా అనుకున్నాను. నా ప్లేట్లో ఉన్న రైతా వాడే తెచ్చిపెట్టాడు కూడా.

"సరే, తీసుకో. ఉద్యోగుల డిస్కౌంట్ నేను ఇప్పిస్తా" అన్నాను. అంతే. నా ఉద్యోగంలో నేను చేసిన అతి పెద్ద తప్పు అంత చిన్న వాక్యం.

ఆ అక్టోబరులో నేను కొండెక్కాల్సిన వంతు కిరణ్‌తోనే పెట్టమని నేనే రాయ్‌ని అడిగాను. రాయ్ సంతోషంగా ఒప్పుకున్నాడు. నా డెస్క్ మనిషి పంపిన కుర్రాడు కదా, అడగాల్సినవన్నీ అడిగే ఉంటుందనుకున్నాడు.

కొండ మీద

తెల్లవారకముందే రాయ్ ట్రక్కులో బయల్దేరాం. కిరణ్‌తో పాటు వాళ్ళ నాన్నగారు కూడా వచ్చి ఎక్కారు. శామ్యూల్ మాస్టారు, బాపట్ల దగ్గర హైస్కూల్లో హెడ్మాస్టరుగా రిటైరయి, కొడుకు దగ్గర ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. ఆయన వస్తారని నాకు చివరి నిమిషం దాకా తెలియదు.

"ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుని ఏం చేయనమ్మా? మావాడు ఏం వేటాడతాడో నేనూ చూస్తా" అన్నారు.

రాయ్ ఆయనకి నారింజ రంగు జాకెట్టు, అదే రంగు టోపీ ఇచ్చాడు. అడవిలో మనిషి మనిషిలా కనపడాలని ఇక్కడ వేటకి వెళ్ళే అందరూ వేసుకునే రంగు అది. మాస్టారిని హీటరు వేసిన ట్రక్కులోనే ఉండమని, దిగొద్దని రాయ్ చేతులతో కూడా చూపించి చెప్పాడు. మాస్టారు "ఎస్, ఎస్" అన్నారు.

ట్రక్కు దిగి నడిచే దారిలో నేను కిరణ్‌ని మామూలుగానే అడిగాను. "బైనాక్యులర్స్ తెచ్చుకున్నావా?"

"ఎందుకాంటీ? ఇంత మంచి స్కోప్ ఉంది కదా. దాంట్లోంచే చూసేస్తా."

అది మూడో ప్రశ్నకి జవాబు. రాయ్ వద్దని చెప్పిన జవాబు. కిరణ్ తెలుగులో చెప్పాడు కాబట్టి ముందు నడుస్తున్న రాయ్‌కి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అప్పుడే ఆపి, "రాయ్, ఈ అబ్బాయికి బైనాక్యులర్స్ లేవు" అని ఉండాల్సింది. రాయ్ ముందు కుర్రాడి పరువు తీయడమెందుకని ఊరుకున్నాను. ఇది రెండో తప్పు.

గంటకి పైగా నడిచి, లోయకి ఇవతల గట్టు మీద పడుకున్నాం. అవతల వాలు మీద పొదలు, ఆకులు రాలిన చెట్లు, వాటి మధ్య బూడిద రంగు వెలుతురు. ఇంకా సూర్యుడు రాలేదు. ట్రక్కు ఎక్కడో కింద, వెనక ఎడమ పక్క ఉందని నా లెక్క. ట్రక్కు దగ్గర మొదలయ్యే ఒక కాలిబాట లోయ చుట్టూ తిరిగి ఆ అవతల వాలు మీదకే ఎక్కుతుందని కిరణ్‌కీ నాకూ తెలియదు. రాయ్‌కి తెలుసు. ఆ బాట మీద ఎవరూ ఉండరని ఆయన నమ్మకం.

కిరణ్ బోర్లా పడుకుని చెవులకి మఫ్‌లు పెట్టుకున్నాడు. తుపాకీ శబ్దానికి చెవులు పోకుండా పెట్టుకునే పెద్ద దొప్పలు అవి, పెట్టుకుంటే పక్కవాడు అరిచినా సరిగా వినపడదు. అందుకని రాయ్ ఒక పద్ధతి పెట్టాడు. కిరణ్ కాళ్ళ దగ్గర కూర్చుని, బూటు మీద ఒకసారి తడితే కాల్చొచ్చని, రెండుసార్లు తడితే ఆపమని. నేను కిరణ్‌కి ఎడమ పక్కన, తల దగ్గర, చేయి చాపితే అందేంత దూరంలో ఉన్నాను. నా మెడలో ఎనిమిది రెట్ల పాత బైనాక్యులర్స్.

ముందు రాయ్‌కే కనపడింది. పెద్ద కొమ్ముల మగ ఎల్క్, అవతల వాలు మీద ఒక పొద లోపల. నాలుగు వందల గజాలకి కాస్త ఎక్కువ. రాయ్ స్టాండు మీద పెట్టిన తన పెద్ద దుర్భిణిలోంచి దాన్నే చూస్తూ, వేలితో చోటు చూపించాడు. కిరణ్ దాన్ని స్కోపులో పట్టుకున్నాడు. ఎల్క్ పొదలోంచి బయటికి అడుగు పెట్టగానే కాల్చొచ్చని ముందే చెప్పిన రాయ్, కిరణ్ బూటు మీద ఒకసారి తట్టాడు.

నిమిషం గడిచింది. ఎల్క్ పొదలోంచి రాలేదు. నేను బైనాక్యులర్స్ దించి కిరణ్ వైపు చూశాను. స్కోపు మీద రెట్లు పెంచి తగ్గించే రింగు పాతిక దగ్గర ఉంది. పాతిక మీద అంత మసక వెలుతురులో వాడికి కనపడేది నల్లటి మసక గుడ్డే. ఎల్క్‌ని పోగొట్టుకుని మళ్ళీ వెతుక్కుంటున్నాడని నాకు తెలిసిపోయింది, ఎందుకంటే తుపాకీ గొట్టం నెమ్మదిగా కుడివైపు జరుగుతోంది. తుపాకీతో వెతుకుతున్నాడు.

గొట్టం ఆగిపోయింది. కిరణ్ భుజాలు బిగుసుకున్నాయి. "వచ్చింది" అని గొణిగాడు.

నేను బైనాక్యులర్స్ ఎత్తాను. ఎల్క్ పొదలోనే ఉంది. కదల్లేదు. కొమ్ము కొస కూడా కనపడుతోంది. మరి వీడికి వచ్చింది ఏమిటి? గొట్టం చూపిస్తున్న వైపుకి, పొదకి ఇరవై గజాలు కుడిగా చూశాను. చెట్ల మధ్య గోధుమ రంగు ముద్ద ఒకటి కదులుతోంది. నడుము ఎత్తు పొదల పైన, మెల్లగా, తీరిగ్గా. ఎల్క్ రంగే. ఆడ ఎల్క్ అనుకున్నాను నేను కూడా, ఒక్క క్షణం.

అప్పుడు అది చెట్టు పక్క నుంచి ఇవతలికి వచ్చింది. నాకు ముఖం కనపడలేదు. నారింజ రంగు కనపడలేదు. కనపడింది నడక. కాస్త ముందుకి వంగి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, నాలుగడుగులకొకసారి ఆగి చుట్టూ చూస్తూ నడిచే నడక. బడిలో పరీక్ష జరుగుతుంటే వరుసల మధ్య తిరిగే హెడ్మాస్టరు నడక.

పై ప్రాణాలు పైనే పోయాయి నాకు. మాస్టారు మార్నింగ్ వాక్‌కి బయల్దేరారు. చలేసి, జాకెట్టు మీద గోధుమ రంగు శాలువా నిండా కప్పుకున్నారు. నారింజ టోపీ తీసేసి మంకీ క్యాప్ పెట్టుకున్నారు.

"కిరణ్! నాన్నరా! మీ నాన్న!" అని అరిచాను. మఫ్‌లు. వినపడలేదు. తుపాకీ పేలకుండా ఉంచే సేఫ్టీ మీట తీసిన చిన్న టిక్ శబ్దం నాకు వినపడింది. రాయ్ తల తిప్పాడు కానీ నేను అరిచింది తెలుగు. వాడి బూటు నాకు అందదు. వాడి చేయి పట్టుకుని లాగితే ఆ కుదుపుకే పేలొచ్చు. ఏం చేయాలో నేను ఆలోచించలేదు. ముందుకి పడి, స్కోపు ముందు కటకాన్ని అరచేత్తో మూసేశాను.

ఇన్నేళ్ళు ఆ గాజు మీద ఎవరి వేలూ పడకుండా కాపలా కాసినదాన్ని. మట్టి చేయి మొత్తం పెట్టి నొక్కేశాను.

కిరణ్‌కి లోకం చీకటైపోయింది. ట్రిగ్గరు మీంచి వేలు తీసేసి, కంటిని స్కోపు నుంచి వెనక్కి తీసి, నా చేతివైపు చూశాడు. కోపంగా మఫ్‌లు లాగేశాడు.

"ఆంటీ, ఏం చేస్తున్నారు! షాట్ మిస్ అయింది!"

బైనాక్యులర్స్ తీసి వాడి చేతిలో పెట్టాను. వాడు చూశాడు. చాలాసేపు చూశాడు. ఎనిమిది రెట్లలో మొత్తం కనపడుతుంది. ఎల్క్ ఉన్న పొద, కాలిబాట, బాట మీద ఆగి చెట్ల చివర్లు చూస్తున్న నాన్న.

తుపాకీలోంచి తూటా తీసింది రాయ్.

ట్రక్కు దగ్గర

మేం దిగివచ్చేసరికి మాస్టారు ట్రక్కు బంపరు మీద కూర్చుని ఫ్లాస్కులో టీ తాగుతున్నారు.

"ఏంట్రా, పేల్చలేదేం? శబ్దమే రాలేదు. అటు కొండ మీద ఎంత బాగుందో తెలుసా? ఒక పెద్ద జంతువు పొదలో ఉన్నట్టుంది, కొమ్ములు చూశా."

కిరణ్ రోడ్డు పక్కకి వెళ్ళి వాంతి చేసుకున్నాడు. "పొద్దున్నే ఏం తినకుండా వస్తే అంతే" అన్నారు మాస్టారు, వీపు నిమురుతూ.

ఊళ్ళోకి వచ్చాక రాయ్ నన్ను పక్కకి పిలిచాడు.

"సూ, ఆ కుర్రాణ్ణి మూడు ప్రశ్నలు అడిగావా?"

"లేదు."

తిట్టలేదు. "ఉదయాన్నే నడవడం అలవాటైన మనిషిని ట్రక్కులో కూర్చోమంటే కూర్చుంటాడనుకున్నాను, అది నా తప్పు" అని మాత్రం అన్నాడు. తన తప్పు అంత తేలిగ్గా చెప్పేసి నా తప్పు నాకే వదిలేశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

తిరిగొచ్చిన పెట్టె

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక కిరణ్ స్కోపు పెట్టె తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. మనిషి సగమయ్యాడు.

"నాన్నకి చెప్పేశా ఆంటీ. చెప్పకుండా ఉండలేకపోయా. అప్పట్నుంచి నాతో మాట్లాడట్లేదు. నా వైపు చూడట్లేదు. టికెట్ ప్రీపోన్ చేయమన్నారు, అది కూడా పేపర్ మీద రాసి ఇచ్చారు. చేసేశా. ఈ ఫ్రైడే వెళ్ళిపోతున్నారు."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. "నీకు ఆ స్కోపు ఒప్పుకున్నది నేను రా" అన్నాను.

"ఆపింది కూడా మీరే కదా ఆంటీ."

"ఆపాల్సిన చోటు కొండ మీద కాదు. బిర్యానీ దగ్గర."

ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాను. ఆఫీసులో ఆగి, బల్ల మీద అంటించిన రాయ్ కాగితానికి ఒక కాపీ తీసి పట్టుకెళ్ళాను. మాస్టారు హాల్లో కిటికీ వైపు కుర్చీ తిప్పుకుని పేపరు చదువుకుంటున్నారు. ఆ శాలువా పక్కన మడతపెట్టి ఉంది. "రామ్మా" అన్నారు, అంతే. మళ్ళీ పేపరు ఎత్తారు.

నేను డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, కిరణ్‌ని ఎదురుగా కూర్చోమన్నాను. ఎందుకో వాడికి అర్థం కాలేదు. నాకు కూడా పూర్తిగా తెలియదు. అప్పుడు చేయాల్సిన పని ఇప్పుడైనా చేయకుండా ఆయనతో ఏ ముఖం పెట్టుకుని మాట్లాడనని మాత్రం అనిపించింది.

"నువ్వు వేటాడే నేల ఎలాంటిది?"

"ఆంటీ, ఇప్పుడు ఇదంతా..."

"చెప్పు."

"లోయలు. చెట్లు, మధ్యలో ఓపెన్ స్లోప్స్."

రాశాను. "చలిలో, ఆయాసపడుతూ, నిజంగా ఎంత దూరం కొట్టావు?"

"ఎప్పుడూ కొట్టలేదు ఆంటీ. రేంజ్‌లో టేబుల్ మీద పెట్టి కొట్టిందే."

"తుపాకీ ఎత్తే ముందు దేనితో చూస్తావు?"

వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "బైనాక్యులర్స్‌తో. ఇకనుంచి."

కిటికీ దగ్గర పేపరు కదలడం ఆగిపోయింది. వింటున్నారని తెలిసింది. రాయ్ కాగితంలో ఉన్నవి మూడే. కానీ నాకు ఆ వారమంతా నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఇంకొకటి ఉంది. బిర్యానీ తింటున్నప్పుడు నేను అది అడిగి ఉంటే, "నాన్నగారు కూడా వస్తానంటున్నారు ఆంటీ" అనేవాడు. వస్తే ఆయన ఎక్కడుంటారు, ఏం వేసుకుంటారు, ఎన్నింటికి లేస్తారు అని మాట్లాడుకునేవాళ్ళం. అంకె దానంతట అదే కిందకి దిగేది. కాగితం అడుగున చేత్తో రాసి, చదివాను.

"ఆ కొండ మీద నీతోపాటు ఎవరుంటారు?"

కిరణ్ తల దించుకున్నాడు. "ఎవరూ ఉండరు ఆంటీ. నేను మళ్ళీ వెళ్ళను. ఆ గన్ కూడా అమ్మేస్తా."

నేను పెన్ను పట్టుకుని కూర్చున్నాను. కిటికీ దగ్గర పేపరు మడతపెట్టిన చప్పుడైంది.

"నేనుంటాను," అన్నారు మాస్టారు. కుర్చీ మా వైపు తిప్పారు. బడిలో పిలిచినట్టే పిలిచారు. "ఒరే కిరణ్. ఇటు చూడు. మళ్ళీ ఏడు నేనూ వస్తాను. ట్రక్కులో కాదు, నీ పక్కన పడుకుంటాను. శాలువా ఇంట్లో పెట్టేసి వస్తాను."

నేను రిటైరయ్యే వరకూ ఫోన్ చేసిన ప్రతివాణ్ణీ నాలుగు ప్రశ్నలూ అడిగాను. ఇప్పుడు డెస్క్ మీద కూర్చునేవాళ్ళకి ఆ స్కోపు సొరుగులో దొరుకుతుంది. దాని ముందు కటకం మీద మట్టి అరచేయి ముద్ర ఉంటుంది. దయచేసి తుడవకండి. పక్కనే ఆ రోజు కాగితం కూడా పెట్టాను. నాలుగో ప్రశ్నకి ఎదురుగా నా చేతిరాతలో ఒకటే మాట ఉంటుంది, నాన్న అని.